తోమిన బిళ్లకు తగ్గే విలువ

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పాత ఇళ్లలో వరలక్ష్మీ వ్రతం నాటి కలశంలో వేసే వెండి బిళ్లలు ఇంకా ఉన్నాయి. వాటిలో రాజు బొమ్మ రూపాయలుంటాయి, గాంధీ బొమ్మ పది రూపాయలుంటాయి. వెండి ధర పెరిగేసరికి వాటికెంతొస్తుందని అంగళ్లలో అడిగేవాళ్లూ పెరిగారు. ఆ లెక్కలో దొర్లే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: ఎంత తళతళలాడితే అంత మంచి బిళ్ల.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. టంకశాలలో అచ్చు పడినప్పుడు వెండి నలిగి అంచు వైపు సాగుతుంది. అప్పుడు పడే, కంటికి ఆనని సన్నని గీతలే కొత్త నాణేనికి అసలు మెరుపు. దీపం కింద బిళ్లను మెల్లగా వంచి చూడండి, ఆ వెలుగు చారలుగా చుట్టూ తిరుగుతుంది. చింతపండుతో, బూడిదతో, పళ్లపొడితో తోమితే ఆ గీతలు పోతాయి. తెల్లదనం మిగులుతుంది గానీ, వెలుతురులో తిప్పితే ఒకే వైపు సాగిన గీకులు బయటపడతాయి. ఆళ్లగడ్డ శిల్పి ఉలితో ఎగరగొట్టిన రాతి పెచ్చు మళ్లీ విగ్రహానికి అతుకుతుందా? ఇదీ అంతే.

మరి నలుపు? వెండికి గాలిలోని గంధకం తగిలి ఏర్పడే పలుచని పొర అది. సమంగా పట్టిన నలుపును సేకర్తలు తప్పుగా చూడరు, కొందరు కోరి కొంటారు కూడా. పూజకు అంగట్లో అమ్మే లక్ష్మీదేవి బిళ్లలు చాలు, వాటిని ఎంత తోమినా పోయేదేమీ లేదు.

అపోహ: బొమ్మ, అక్షరాలు కనిపిస్తున్నాయంటే కొత్తదాని కిందే లెక్క.

వాస్తవం: ముందు అరిగేది ఎత్తుగా ఉన్న చోటు. 1969 గాంధీ శతజయంతి పది రూపాయల బిళ్లలో చెంప, చెవి చూడండి. రెండో వైపు సింహాల మిట్టలు చూడండి. అయిదో జార్జి రూపాయిలో అయితే రాజు అంగీ మీది చిన్న ఏనుగు దగ్గర భూతద్దం పెట్టండి. (1911లో ఈ ఏనుగు పందిలా ఉందని గొడవ లేచి, ఆ రూపాయలను చాలావరకు కరిగించేశారు. మరుసటి ఏడాది బొమ్మ మార్చారు.)

ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అనే మెట్లన్నీ ఈ అరుగుదలను బట్టి వచ్చినవే. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో పెట్టిన 1 నుంచి 70 దాకా అంకెల కొలమానం ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తోంది. అందులో 60, ఆపైనున్నవి వాడకంలో అరగనివి. తోమిన బిళ్లకు అరుగుదల లేకపోయినా ఆ అంకె దక్కదు.

అపోహ: ప్రూఫ్ అంటే అన్నిటికంటే పై గ్రేడు.

వాస్తవం: కాదు. మెరుగుపెట్టిన అచ్చులతో ప్రత్యేకంగా ముద్రించే పద్ధతి పేరు అది. వేలిముద్రలు పడి, గీతలు పడి పాడైన ప్రూఫ్ బిళ్లలూ ఉంటాయి.

అపోహ: స్మారక నాణేలన్నీ వెండివే.

వాస్తవం: గాంధీ బిళ్లల్లో పది రూపాయలదే వెండి. 15 గ్రాముల తూకం, అందులో 80 శాతం, అంటే 12 గ్రాములు వెండి. అదే ఏడాది వచ్చిన రూపాయి, అర్ధరూపాయి నికెల్‌వి. అయస్కాంతం పెడితే అంటుకుంటాయి. 1964 నెహ్రూ రూపాయీ అంతే. 1972 స్వాతంత్ర్య రజతోత్సవపు పది రూపాయల నుంచి వెండి పాలు 50 శాతానికి పడిపోయింది.

1991 నంద్యాల లోక్‌సభ ఉప ఎన్నికలో ప్రధాని పీవీ నరసింహారావు మీద తన పార్టీ అభ్యర్థిని నిలబెట్టని ఎన్టీఆర్‌ను ఈ ఊరు మరిచిపోలేదు. ఆయన బొమ్మతో 2023 ఆగస్టు 28న విడుదలైన వంద రూపాయల నాణెంలోనూ వెండి 50 శాతమే, మిగతాది రాగి, నికెల్, జింకు. అది చలామణికి తెచ్చింది కాదు, దాచుకోవడానికి టంకశాల అమ్మింది.

అపోహ: పాత బిళ్ల ఉంటే లక్షలే.

వాస్తవం: వయసు కంటే దొరకకపోవడం, దాని స్థితి ముఖ్యం. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ ముందుగా ఫీజులడిగే మోసగాళ్ల గురించి రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

అమ్మాలనుకుంటే బిళ్లను అంచులు పట్టుకుని తీసుకెళ్లండి, గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి. ఎంత అరిగినా గాంధీ పది రూపాయల బిళ్లకు అందులోని వెండి ధర ఎటూ ఉంటుంది, అంతకంటే తక్కువకు ఎవరడిగినా ఇవ్వకండి.