సిరొంచ దారిలో పాత జీపు: స్టీరింగు మార్చేముందు తెలియవలసిన సంగతులు

మన పత్రిక చదివే కుటుంబాలలో చాలామందికి సిరొంచ ప్రాంతం కొత్త కాదు. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి: ఈ మూడు నదుల నడుమ ఒదిగిన తాలూకా అది. 1982లో చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లాను ఏర్పరచినప్పుడు కొత్త జిల్లాకు దక్షిణపు కొసగా నిలిచినది. కాగితాల మీద మహారాష్ట్రమైనా ఊళ్ళో వినిపించే మాట తెలుగే. జిల్లా కచేరీలో పని పడితే ఆలాపల్లి టేకు అడవుల మీదుగా రెండు వందల కిలోమీటర్ల పైమాట. కాళేశ్వరం దగ్గర గోదావరికి వంతెన వచ్చిన తరువాత తెలంగాణ వైపు రాకపోకలు సుఖమైనవి. కాని పెద్ద రోడ్డు దిగి లోపలి పల్లెకు పోతే నేటికీ నల్లరేగడి బురద, వాగులలో ఇసుక, గుండ్రాళ్ళ దారి తప్పవు.

అటువంటి నేలకు జీపు తగిన బండి. అందుకే ఆ సరిహద్దు ఊళ్ళలో తాతల నాటి జీపును అమ్మబుద్ధి కాక పాకలో ఉంచుకొన్న ఇళ్ళు కనబడతాయి. ఈ మధ్య మనుమలకు వాటి మీద మనసు పోయినది. ఇంజను బాగు చేయిస్తారు, రంగు వేయిస్తారు, పట్టాలు కొత్తవి కుట్టిస్తారు. తరువాత నలభై మైళ్ళ వేగం అందుకోగానే ముందు చక్రాలు గడగడ వణుకుతాయి. స్టీరింగు చక్రం నాలుగు వేళ్ళ మేర తిరిగినా బండికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: “దీనికి పవరు స్టీరింగు వేయించవచ్చునా?”

మేము గుమాస్తా ఉద్యోగంలో ఉన్నవారము, మెకానిక్కులము కాము. అయితే మా బంధువుల ఇంట అటువంటి జీపు ఒకటి ఉన్నది. దాని మూలంగా పాత మరమ్మతు పుస్తకాలు తిరగవేసి, మేస్త్రీల పక్కన నిలబడి తెలుసుకొన్న సంగతులు నలుగురికీ ఉపయోగపడునని వ్రాస్తున్నాము.

ముందుగా ఈ బండి పుట్టుక రెండు మాటలలో చెప్పుకొందాము. రెండవ ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1941 నుండి 1945 వరకు ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేసినవి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ వెలిసినది. భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తానుకు మొదటి ఆర్థికమంత్రిగా వెళ్ళిన తరువాత 1948లో దాని పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయినది. ఈ కంపెనీయే 1947లో విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించడం ఆరంభించినది. 1953లో అమెరికాలో వెలువడిన సీజే 3బి అనే ఎత్తు బానెట్టు జీపు మన దేశంలో మహీంద్రా జీపుగా దశాబ్దాల పాటు తిరిగినది. మన పాకలలో ఉన్నవి చాలావరకు ఆ జాతివే.

ఇక స్టీరింగు. ఆ కాలపు జీపులో రాస్ కంపెనీ పద్ధతి బాక్సు ఉంటుంది. లోపల మెలికల గాడి గల ఇరుసు, ఆ గాడిలో నడిచే రెండు ముళ్ళు గల ఒక మీట. మనం చక్రం తిప్పితే ముళ్ళు గాడిలో జరిగి, బాక్సు బయట ఉన్న పిట్‌మన్ ఆర్మును కదుపుతాయి. అది డ్రాగ్ లింకును తోస్తుంది. డ్రాగ్ లింకు ముందు భాగంలో మధ్యన ఉన్న బెల్ క్రాంకును తిప్పుతుంది. బెల్ క్రాంకు నుండి రెండు టై రాడ్లు చెరొక చక్రానికి పోతాయి. చక్రాలు తిరిగేది పైన ఒకటి కింద ఒకటి ఉన్న కింగ్ పిన్ను బేరింగుల మీద.

చదువరులు కీళ్ళు లెక్కపెట్టి చూడండి. డ్రాగ్ లింకుకు రెండు, బెల్ క్రాంకు కుదురు ఒకటి, టై రాడ్లకు నాలుగు: బాక్సు దాటిన తరువాతనే ఏడు. ఒక్కొక్క దానిలో వెంట్రుక మందం అరిగినా అన్నీ కలిసి చక్రం దగ్గర బెత్తెడు లూజు అవుతుంది. వీటిలో ముందుగా పాడయ్యేది తరచు బెల్ క్రాంకే. కిందుగా ఉండడం వల్ల వాగు దాటిన ప్రతిసారి నీరూ ఇసుకా చేరి లోపలి సూది బేరింగులను తింటాయి.

కనుక ఈ విషయంలో మొదటి సూత్రం ఇది: పవరు స్టీరింగు చేతికి బలం ఇస్తుంది గాని కీళ్ళలోని లూజును తీసివేయదు. మా బంధువుల జీపుకు ఒక పట్టణపు వర్కుషాపులో నూనె ఒత్తిడితో పనిచేసే బాక్సు తగిలించారు. పాత బెల్ క్రాంకును అట్లే ఉంచారు. చక్రం ఒంటి వేలితో తిరిగినది. వణుకు మాత్రం పోలేదు సరికదా, చేతికి బరువు తెలియక నడిపేవాడు మరింత వేగంగా పోసాగినాడు. ఇంతలో బాక్సు బిగించిన చోట ఛాసిస్ బొంద చీలినది. సంతకు పోయి వస్తూ పిల్లలను ఎక్కించుకొన్న రోజున మరొక మేస్త్రీ వంగి చూసి చెప్పబట్టి సరిపోయినది.

కాబట్టి ముందు పరీక్ష చేయించాలి. ఖర్చు లేని పరీక్ష. ఒకరు కూర్చుని చక్రాన్ని కొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. ఇంకొకరు కింద పడుకొని ఒక్కొక్క కీలు మీద వేలు పెట్టి చూడాలి. ఒక వైపు కదిలి రెండవ వైపు కదలనిది ఎక్కడో అక్కడే రోగం. తరువాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టి ఊపాలి. ఊగితే ఒకరిని బ్రేకు తొక్కమనాలి. బ్రేకుతో ఊగుడు పోతే తప్పు చక్రం బేరింగులో ఉన్నది. పోకపోతే కింగ్ పిన్నులో ఉన్నది. కింగ్ పిన్నుల బిగువును పలుచని షిమ్ములు వేసి, తీసి సరిచేస్తారు.

బాక్సు పక్కనున్న సవరణ స్క్రూను మాత్రం చక్రాలు నిటారుగా ఉన్నప్పుడే బిగించాలి. అతిగా బిగిస్తే మలుపు తిరిగిన తరువాత చక్రం తనంత తాను వెనక్కి రాదు. అన్నీ అయిన తరువాత ముందు చక్రాల ముక్కులు కొద్దిగా లోపలికి ఉన్నవో లేదో కొలిపించాలి. పాత పుస్తకాల లెక్క అంగుళంలో 64వ వంతులు మూడు నుండి ఆరు వరకు. క్యాస్టరు మూడు డిగ్రీలు. వంగిన కమానుపట్టీల వల్ల ఈ క్యాస్టరు తప్పినా వణుకు వస్తుంది. ఈ పనులతోనే పది జీపులలో చాలా వాటికి మార్పు అక్కర లేకుండా పోతుందని మేము మాట్లాడిన మేస్త్రీల అనుభవం.

అయినా మార్చదలచిన వారికి మూడు దారులు కలవు. మొదటిది, లోపల ఉక్కు గుండ్లు దొర్లే చేతి బాక్సు వేయడం. తరువాతి కాలపు బండ్లలో వచ్చినది ఇదే. రాపిడి తక్కువ, బరువూ తగ్గుతుంది, ఇంజనుతో సంబంధం లేదు. రెండవది, నూనె పంపు గల పవరు బాక్సు. ఇంజనుకు బెల్టు, పంపుకు బ్రాకెట్టు, గొట్టాలు కావలెను. వాగు మధ్యన ఇంజను ఆగితే చక్రం రాయిలా బిగుస్తుందని గుర్తుంచుకోవాలి. మూడవది, స్టీరింగు ఇరుసు మీద కూర్చుండే విద్యుత్తు మోటారు. ఇది డాషుబోర్డు కింద ఉండి నీటికి దూరంగా ఉంటుంది గాని, పాత డైనమో దీనికి చాలదు. ఆల్టర్నేటరు, మంచి బ్యాటరీ కావలెను.

బాక్సు మార్చేవారు గొలుసు మొత్తం మార్చాలి. బెల్ క్రాంకు తీసివేసి, రెండు చక్రాలనూ కలిపే ఒకే పొడవు టై రాడ్డు వేయించాలి. డ్రాగ్ లింకు వాలు ఎక్కువైతే గతుకు మీద కమాను నొక్కుకొన్నప్పుడెల్లా బండి తనంత తాను పక్కకు లాగుతుంది. బాక్సు కూర్చునే చోట ఛాసిస్ కు లోపల ఉక్కు పట్టీ వేసి బలపరచాలి. స్టీరింగు రాడ్లను, ఆర్ములను కొలిమిలో కాల్చి వంచడం గాని, అతుకు వేయడం గాని ప్రాణంతో చెలగాటం. ప్రతి గాడి నట్టుకూ స్ప్లిట్ పిన్ను ఉన్నదో లేదో యజమాని స్వయంగా చూడాలి. అమెరికా నుండి తెప్పించే సామాను సెట్లు సాధారణంగా ఎడమచేతి స్టీరింగు బండ్లకు చేసినవి. మన కుడిచేతి జీపుకు అవి కుదరవు. డబ్బు కట్టేముందే అడగడం మంచిది.

చట్టం మాట కూడా చెప్పవలసి ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పినది. 2021లో వచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు లేక అసలు రూపంలో ఉన్న బండిని వింటేజి వాహనంగా నమోదు చేయవచ్చు. అటువంటి బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. కాబట్టి జీపును ముచ్చటగా దాచుకొనవలెనా, పొలానికి, సంతకు తిప్పవలెనా అన్నది పని మొదలు పెట్టకముందే ఇంట్లో తేల్చుకోవాలి. దాచుకొనేవారు పాత రాస్ బాక్సునే బాగుచేయించడం ఉత్తమం. తిప్పదలచినవారు రెంచి పట్టించకముందే తమ ఆర్.టి.ఓ. కచేరీలో విచారించి, ఏ మార్పుకైనా వ్రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. తీసిన పాత సామాను పారవేయక గోనెలో కట్టి ఉంచాలి.

చివరగా, పాత డ్రైవర్లు చెప్పే రెండు నియమాలు. రాళ్ళ దారిలో బొటనవేళ్ళను చక్రం లోపలికి పెట్టవద్దు. రాయి తగిలి చక్రం గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది. వాగు దాటి ఇల్లు చేరిన రోజున, అన్నానికి కూర్చునేముందు గ్రీజుగన్ను పట్టుకొని ఒక్కసారి బండి కిందికి పోవాలి. ఈ రెండూ పైసా ఖర్చు లేనివి. ఇంట్లోవారిని ఎక్కించుకొని అడవి దారి పట్టే ప్రతి యజమానీ వీటిని పాటించునని ఆశిస్తున్నాము.