మీకు తెలుసా? చాయ్‌కి లొంగని నిద్ర

1931లో మంజీరా నదిపై నిజాంసాగర జలాశయము పూర్తియై, 1937లో బోధను చెంత శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసిన పిమ్మట, చెరకు తోలుటయే జీవనాధారముగా గలవారు ఈ సీమలో ఎందరో యుండిరి. బండివాడు కునికినను ఎడ్లు దారి తప్పవను ధీమా ఆ కాలమునకు చెల్లినది. ట్రాక్టరునకు ఆ తెలివి లేదు!

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు లారీ, చోదకుని రెప్పలు నాలుగు సెకనులు మూతపడినచో, సుమారు 67 మీటర్లు ఎవరి అదుపునను లేక సాగిపోవును. ఒక చాయ్ త్రాగిన నిద్ర పారిపోవునను మాట సగమే నిజము. అది పనిచేయుటకు ఇంచుమించు అరగంట పట్టును, పిమ్మటనైనను నిద్రను వాయిదా వేయునే గాని తీర్చజాలదు. చేయి తిరిగిన చోదకునకు కునుకు రాదనుటయు అట్టిదే. తెల్లవారుజామున రెండు మొదలు ఆరు గంటల వరకు దేహము తనంతట తానే నిద్రను కోరును. రోడ్డు ఖాళీగా నున్నదని మనము మురిసిపోవు వేళయు అదియే.

నిజామాబాదు నుండి బోధను ముప్పది కిలోమీటరులకు లోపే గదా, ఎరిగిన దారియే గదా యని సీటుబెల్టు విడుచువారిని గూర్చి ఏమనవలెను? ఢీకొను వస్తువునకు మన పరిచయముతో పనిలేదు.

విశ్రాంతి యజమాని దయ యనుకొనుట అన్నింటను పెద్ద భ్రమ. దినమునకు 8 గంటల పనియే పరిమితియనియు, వరుసగా 5 గంటలకు మించి పనిచేయింపక నడుమ కనీసము అరగంట విరామ మీయవలెననియు 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టము విధించియుండెను.