వేట ఒక్కరోజు... లెక్క ఏడాదంతా!

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక. మన దగ్గర ఈ రెండింటిలో దేన్ని వేటాడినా నేరమే. 1998 నాటి కృష్ణజింకల కేసులో సల్మాన్ ఖాన్‌కు 2018లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది, ఆయన అప్పీలుకు వెళ్లారు. ఆ వార్త మీకు గుర్తుండే ఉంటుంది.

అవే రెండు జింకల్ని అమెరికాలోని టెక్సస్‌లో, లైసెన్స్ చేతిలో ఉండి రాంచ్ ఓనర్ ఒప్పుకుంటే, ఏడాదిలో ఏ రోజైనా వేటాడొచ్చు. సీజన్ లేదు. ఇన్నే కొట్టాలన్న లిమిట్ లేదు. అక్కడే ఒక చిన్న గువ్వను కొట్టాలంటే మాత్రం తేదీ చూడాలి, గడియారం చూడాలి, తుపాకీలో ఎన్ని తూటాలు పడతాయో కూడా చూసుకోవాలి!

వింతగా ఉంది కదూ? కొంచెం లోపలికి వెళితే అంతా లెక్క ప్రకారమే కనిపిస్తుంది. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టూ మనవాళ్లు చాలామందే ఉన్నారు. శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాళ్లున్నారు, ఆఫీసులో ఎవరో పిలిస్తే పందుల వేటకు బయల్దేరేవాళ్లూ ఉన్నారు. నేనూ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నే కాబట్టి నాకు అర్థమైన భాషలో చెబుతా. అక్కడ వేట అంటే తొంభై శాతం ప్లానింగ్. ట్రిగ్గర్ నొక్కడం చివరి స్టెప్. ఆ ప్లానింగ్‌లో ఒక్క తేదీ తప్పితే కొందరికి జరిమానాతో పోతుంది. హెచ్1బీ మీద ఉన్న మనవాడికి అమెరికా కెరీరే పోవచ్చు.

సెప్టెంబర్‌లో ఉగాది

టెక్సస్ వేటగాళ్లకు కొత్త సంవత్సరం సెప్టెంబర్ 1. లైసెన్స్ ఆ రోజు నుంచి మరుసటి ఏడాది ఆగస్టు 31 వరకే. మీరు నవంబర్‌లో కొన్నా, మే నెలలో కొన్నా ఆగస్టు 31తో సరి. కొత్త లైసెన్సులు ఆగస్టు 15 ప్రాంతంలో అమ్మకానికి వస్తాయి. మామూలు వేట లైసెన్స్ స్థానికులకు 25 డాలర్లు, బయటి రాష్ట్రం వాళ్లకు 315 డాలర్లు. స్థానికులు అనిపించుకోవడానికి పౌరసత్వం అక్కర్లేదు, టెక్సస్‌లో వరుసగా ఆరు నెలలకు పైగా నివాసం ఉంటే చాలు.

దీనికి ముందు ఇంకో మెట్టుంది. 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లంతా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు నిండితే ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు. తుపాకీ ఎటు తిప్పి పట్టుకోవాలి, కంచె ఎలా దాటాలి, గురి వెనకాల ఏముందో ఎలా చూసుకోవాలి... ఇవన్నీ అందులో నేర్పిస్తారు.

నెలవారీ ప్లాన్ ఇదీ

జులై: ప్రభుత్వ భూముల్లో వేటకు లాటరీ దరఖాస్తులు మొదలవుతాయి. ఫీజు కొద్ది డాలర్లే. పేరు వస్తే మంచి చోట వేటాడే చాన్స్ దొరుకుతుంది. నవంబర్ వేట గురించి నవంబర్‌లో ఆలోచించేవాడు ఈ బస్సు అప్పటికే మిస్సయినట్టు.

ఆగస్టు: కొత్త లైసెన్స్ తీసుకోవాలి. గువ్వల్లాంటి వలస పక్షులు కావాలంటే దానిపై అదనపు ఎండార్స్‌మెంట్ కొనాలి. గత సీజన్‌లో ఎన్ని కొట్టారని కౌంటర్ దగ్గర అడుగుతారు. పక్షుల సంఖ్యను అంచనా వేయడానికి ఆ జవాబులు పనికొస్తాయి.

సెప్టెంబర్: ఉత్తర, మధ్య జోన్లలో 1వ తేదీనే గువ్వల సీజన్ మొదలవుతుంది. దక్షిణ జోన్‌లో మాత్రం నెల మధ్యలో. రోజుకు 15, దగ్గర ఉంచుకోగలిగింది దానికి మూడింతలు. షాట్‌గన్‌లో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకూడదు. మీ తుపాకీలో ఎక్కువ పడితే లోపల అడ్డుపుల్లలాంటి ప్లగ్ పెట్టుకోవాలి.

అక్టోబర్: సుమారు నెలపాటు విల్లంబులతో జింకల వేట. తుపాకీల సీజన్ ఇంకా రాలేదు.

నవంబర్ నుంచి జనవరి: మొదటి శనివారం నుంచి తెల్లతోక జింకల అసలు సీజన్. ఉత్తర జోన్‌లో జనవరి మొదటి ఆదివారం వరకు, దక్షిణ జోన్‌లో మూడో ఆదివారం వరకు ఉంటుంది.

ఫిబ్రవరి, మార్చి: అడవి పందులు. వీటికి సీజనే లేదు. పంటల్ని నాశనం చేస్తాయి కాబట్టి రైతులే రమ్మంటారు.

ఏప్రిల్: టర్కీ కోళ్లు. వసంతంలో ముఖ్యంగా పుంజులే గురి.

మే, జూన్: తుపాకీకి రెస్ట్. గురి ప్రాక్టీస్ చేసుకోవడం, వచ్చే ఏడాదికి భూమి వెతుక్కోవడం ఇప్పుడే.

ఆ తేదీలు ఎవరు పెట్టారు?

ఊరికే పెట్టినవి కావు. టెక్సస్‌లో తెల్లతోక జింకలు ఎక్కువగా మే నుంచి జులై మధ్యలో ఈనతాయి. నవంబర్ వచ్చేసరికి పిల్లలు సొంతంగా మేసి బతకగలవు. సీజన్ అందుకే అప్పుడు మొదలవుతుంది. క్యాలెండర్‌ని మనుషులు అచ్చేయించినా అందులోని తేదీలు జింకలు పెట్టినవే.

గువ్వల కథ ఇంకా పెద్దది. అవి రాష్ట్రాల సరిహద్దులు, దేశాల సరిహద్దులు దాటి ఎగురుతాయి కాబట్టి ఒక్క రాష్ట్రం చేతిలో పెట్టలేరు. అమెరికాలో ఒకప్పుడు ప్యాసెంజర్ పిజియన్ అనే పావురాలు ఆకాశాన్ని కప్పేసేంత గుంపులుగా ఎగిరేవి. అడ్డూ ఆపూ లేకుండా చంపుతూ పోయారు. ఆ జాతిలో ఆఖరి పక్షి 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటీ జూలో చచ్చిపోయింది. నాలుగేళ్లకు, 1918లో, వలస పక్షుల రక్షణ చట్టం వచ్చింది. ఈరోజుకీ కేంద్రం ఒక హద్దు గీస్తుంది, ఆ హద్దు లోపల రాష్ట్రాలు తమ తేదీలు ఎంచుకుంటాయి.

మరి మన చుక్కల జింకకు సీజన్ ఎందుకు లేదు? అది టెక్సస్ సొంత జంతువు కాదు. 1930లలో రాంచ్‌ల వాళ్లు తెచ్చుకున్నారు. కృష్ణజింక, మనుబోతు కూడా అలా వెళ్లినవే. స్థానిక వన్యప్రాణుల లిస్టులో లేవు కాబట్టి వాటికి సీజన్ రక్షణ లేదు. ఒకే జంతువుకు ఒకచోట రాష్ట్ర హోదా, ఇంకోచోట విదేశీ అతిథి లెక్క. కంటికి కనిపించే జంతువును బట్టి రూల్ ఊహించుకుంటే బోల్తా పడతామని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

254 కౌంటీలు... తలా ఒక లెక్క

టెక్సస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటుదే. కారు ఆపి అడవిలోకి నడిచిపోదాం అంటే కుదరదు. ఎవరిదో రాంచ్ లీజుకు తీసుకోవాలి, లేదంటే రోజువారీ డబ్బు కట్టాలి. తక్కువ ఖర్చులో కావాలంటే 48 డాలర్ల వార్షిక పర్మిట్ ఉంది. పది లక్షల ఎకరాలకు దగ్గరగా ఉన్న పబ్లిక్ భూముల్లోకి దాంతో వెళ్లొచ్చు.

రాష్ట్రంలో 254 కౌంటీలు ఉన్నాయి. లైసెన్స్‌తో ఐదు తెల్లతోక జింకల ట్యాగులు వస్తాయి, అందులో మగవి మూడు మించకూడదు. కానీ మీరు వెళ్లిన కౌంటీలో లిమిట్ ఇంకా తక్కువ ఉండొచ్చు. చాలా కౌంటీల్లో మగ జింక కొమ్ముల మధ్య లోపలి వెడల్పు కనీసం 13 అంగుళాలు ఉండాలి, లేదా ఒక కొమ్మయినా చీలిక లేకుండా ఉండాలి. దూరం నుంచి టేపు పెట్టి కొలవలేం కదా! జింక చెవులు రిక్కించి నిలబడ్డప్పుడు ఒక చెవి కొస నుంచి ఇంకో చెవి కొసకు ఉండే దూరం ఇంచుమించు అంతే. కొమ్ములు చెవులు దాటి బయటికి ఉన్నాయా, లేవా... అనుమానం వస్తే తుపాకీ దించేయాలి. లేత వయసు మగ జింకలు పెరగాలన్నదే ఈ రూల్ ఉద్దేశం.

టైమింగ్‌లోనూ తేడా ఉంది. జింకల్ని సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకూ వేటాడొచ్చు. గువ్వలకు సూర్యాస్తమయంతోనే బంద్. ప్రైవేటు భూమిలో జింక కోసం మొక్కజొన్న చల్లొచ్చు. అదే మొక్కజొన్న చల్లిన చోట గువ్వను కొడితే కేంద్ర చట్టం ప్రకారం నేరం. జింక పడగానే ట్యాగ్ నింపి కట్టాలి, ఇంటికెళ్లాక చూద్దాంలే అంటే కుదరదు. తినదగిన మాంసాన్ని వదిలేసి రావడం కూడా నేరమే.

వీసా మీద ఉన్నారా? ఇది వదలకుండా చదవండి

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు, అంటే హెచ్1బీ, ఎఫ్1 లాంటివాళ్లు, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనవాళ్లు ఎక్కువగా వాడుకునేది ఒక్కటే... అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువున్న వేట లైసెన్స్ ఉండడం.

ఇప్పుడు ఆగస్టు 31 గుర్తు తెచ్చుకోండి. సిటిజన్‌కు ఆ రోజు లైసెన్స్ అయిపోతే మళ్లీ కొనేదాకా వేట బంద్, అంతే. హెచ్1బీ మీద ఉన్నవాడికి సెప్టెంబర్ 1న బీరువాలో తాళం వేసి ఉన్న రైఫిల్ కూడా కేంద్ర నేరం కావొచ్చు. శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్లు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదో కారణం కూడా.

ఇంకో ఉచ్చు ఉంది. 2019 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో ఓనర్ అనుమతితో అడవి పందుల్ని కొట్టడానికి రాష్ట్ర లైసెన్స్ అవసరం లేదు. ‘లైసెన్స్ అక్కర్లేదు బ్రో, వచ్చెయ్’ అని ఫ్రెండ్ అంటాడు. ఆయన సిటిజన్ అయితే ఆయన మాట కరెక్టే. మీరు వీసా మీద ఉంటే మాత్రం లైసెన్స్ లేకుండా ఆ రైఫిల్ చేతిలోకి తీసుకోవడమే ప్రమాదం. రాష్ట్రం వద్దన్న కాగితమే కేంద్రం దృష్టిలో మీకు రక్షణ! భార్యాభర్తలిద్దరూ వీసా మీద ఉంటే ఎవరి లైసెన్స్ వాళ్లకుండాలి. స్టేటస్ పోయినవాళ్లకు ఈ మినహాయింపు వర్తించదు. తుపాకీ కొనే ఆలోచన ఉంటే ముందుగా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగడం మంచిది. వాట్సాప్ గ్రూప్ సలహా కోర్టులో పనిచేయదు.

ఆ డబ్బు ఎటు పోతుంది?

1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, షాట్‌గన్లు, తూటాల మీద 11 శాతం ఎక్సైజ్ పన్ను ఉంది. అది వన్యప్రాణుల సంరక్షణకు, హంటర్ ఎడ్యుకేషన్‌కు రాష్ట్రాలకు వెళుతుంది. లైసెన్స్ ఫీజులు దానికి తోడు. మన దగ్గర 1972 చట్టం తలుపు మూసి జంతువుల్ని కాపాడింది. వాళ్లు తలుపు దగ్గర కౌంటర్ పెట్టి, టికెట్ డబ్బుతో కాపాడుతున్నారు. వేట మీకు నచ్చినా నచ్చకపోయినా, ఆ కౌంటర్ దగ్గర లెక్క చాలా కచ్చితం.

ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి

వేటకు వెళ్లే ఆలోచన ఉంటే నాలుగు రిమైండర్లు చాలు. జులై 1: లాటరీ దరఖాస్తు. ఆగస్టు 15: కొత్త లైసెన్స్. ఆగస్టు 31: పాత లైసెన్స్ ఆఖరి రోజు. బయల్దేరే ముందు రోజు: టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ ఏటా ఇచ్చే ‘అవుట్‌డోర్ యాన్యువల్’లో మీరు వెళ్లే కౌంటీ పేజీ. తేదీలు, లిమిట్లు ఏటా మారొచ్చు, పోయినేడాది స్క్రీన్‌షాట్ నమ్ముకోవద్దు. వీసా మీద ఉన్నవాళ్లు ఆగస్టు 31కి మాత్రం రెండు అలారాలు పెట్టుకోండి.