ఆచార్య పదవికి అర్జీ

విశ్వవిద్యాలయమున ఆచార్యుడగుట యెట్లు? బాగుగ చదివినవాడు, చక్కగ బోధించువాడు, కొంతకాలము గడచిన పిమ్మట పెద్దలచే గుర్తింపబడి ఆ పదవి నందునని లోకుల తలంపు. నేడు ఆ పదవి పిలిచి యిచ్చునది కాదు. అర్జీ పెట్టుకొని, లెక్క యప్పగించి, సాక్ష్యము చూపి పుచ్చుకొనవలసినది. తమ బిడ్డలను ఈ సంస్థలకు పంపుచు, తాము చెల్లించు పన్నులతో వీనిని పోషించుచున్న ప్రజలు ఆ లెక్క యెట్టిదో తెలిసికొనుట యవసరము. ఏలయన, ఏ పనికి అంకెలు పడునో ఆ పనియే ముందునకు సాగును. పడని పని మూలబడును.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో వెలసి, కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి వైస్‌ఛాన్సలరుగ దాని నడపిన కాలమున ఇట్టి పట్టికలు లేవు. పై పదవి ఖాళీయైననేగాని క్రింది వానికి మార్గము లేదు. ఎంతటి పండితుడైనను పైవాడు విరమించువరకు వేచియుండవలసినదే. ఈ కష్టమును తొలగించుటకే 1986 నాటి వేతన సవరణతో, ఖాళీతో పనిలేక అర్హతను బట్టి హెచ్చించు పద్ధతిని యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారు ప్రవేశపెట్టిరి. ఉద్దేశము మంచిదే. 2010 నాటి నిబంధనలు దానికి అంకెల తూకమును జతపరచినవి. 2018 జూలైలో వెలువడిన నిబంధనలు ఆ తూకమును కొంత సడలించి, కొంత మార్చినవి.

క్రమమేమనగా: అసిస్టెంటు ప్రొఫెసరు 57,700 రూపాయల మూలవేతనముతో ప్రవేశించును. డాక్టరు పట్టము గలవానికి నాలుగేండ్లకు మొదటి మెట్టు, అటుపై ఐదేండ్లకు రెండవది, మరి మూడేండ్లకు అసోసియేటు ప్రొఫెసరు పదవి, ఇంకను మూడేండ్లకు ప్రొఫెసరు పదవి. వెరసి 15 సంవత్సరములు. ఎచ్చటను చిక్కుపడకున్నచో ప్రొఫెసరుగ 1,44,200 రూపాయల మూలవేతన మందును. గడువునకు మూడు నెలలు ముందుగనే అభ్యర్థి నిర్ణీతపత్రమును నింపి, ఋజువులను జతపరచి సమర్పింపవచ్చును. తొలి రెండు మెట్లకు పరిశీలన సమితి చాలును. అటుపైని పదవులకు బయటి విషయనిపుణులతో గూడిన ఎంపిక సమితి యెదుట నిలువవలయును. తప్పినవానికి మరల పరీక్ష కనీసమొక యేడాదికిగాని లేదు.

ఇక లెక్క. అసోసియేటు పదవికి కనీసము ఏడు పరిశోధన వ్యాసములును 70 అంకెలును, ప్రొఫెసరు పదవికి పది వ్యాసములును 110 అంకెలును గావలయును. భాషా, చరిత్రాది శాస్త్రములలో నొక వ్యాసమునకు 10, ప్రకృతిశాస్త్రములలో 8. వ్యాసము వెలువడిన పత్రికను ఇతరు లెంతగ ఉదాహరింతురో ఆ గణనను బట్టి 5 మొదలు 30 వరకు అదనము. ఇచ్చట నొక చిత్రము గలదు. వ్యాసము నొక్కడే వ్రాసిన పది యంకెలు; ఇద్దరు కలిసి వ్రాసినచో నూటికి 70 చొప్పున చెరి యేడు, వెరసి పదునాలుగు! పాలు పంచుకొన్నకొలది పెరుగు ఆస్తి భూలోకమున మరియొకటి గలదో లేదో మన కరణములు చెప్పవలయును. కొన్ని శాస్త్రములలో సమష్టి కృషి తప్పదు, నిజమే. కాని ఏటేట పేర్లు పంచుకొని వ్యాసములు గుమ్మరించు వారికిని, పదేండ్లు శాసనములు వెదకి యొంటరిగ నొక్క గ్రంథము వ్రాయువానికిని ఈ తూకమున నెవనికి మేలు జరుగునో వేరుగ చెప్పనక్కరలేదు.

మరి బోధన మాట? అసిస్టెంటు ప్రొఫెసరు వారమునకు 16 గంటలు, పైవారు 14 గంటలు పాఠము చెప్పవలెనని నియమము. నిర్దేశించిన తరగతులలో నూటికి 80కి తక్కువగాక తీసికొన్నచో ‘మంచిది’, 70 దాటిన ‘తృప్తికరము’. అంతటితో సరి. ఎట్లు చెప్పెను, విన్నవారికి తెలిసెనా యను విచారణకు ఆ గడిలో తావులేదు. తరగతికి పోయెనా లేదా యనునది హాజరుపట్టీ చెప్పగలదు. దాని కొక విద్యాసమితి యేల?

తెలుగువారికి విశేషముగ తగులు అంశ మొకటి యున్నది. 2018 పట్టికలో ఒక గ్రంథమును సంపూర్ణముగ భాషాంతరీకరించినవానికి 8 అంకెలు. విదేశమున జరుగు అంతర్జాతీయ సదస్సులో ఆహ్వానోపన్యాసము చేసినవానికి 7. భౌతికశాస్త్రమునుగాని, అర్థశాస్త్రమునుగాని తెలుగున దించుటకు రెండు మూడేండ్లు పట్టును; పరిభాషకై నిఘంటువులతో పోరాడవలయును. ఆ తపస్సునకును విమాన మెక్కి చేసివచ్చు ప్రసంగమునకును భేద మొక్క యంకె. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము తలుపులు తెరచుటకు ముందే, 1917లో, హైదరాబాదున నొక అనువాదశాఖ ఏర్పడి పండితులకు జీతములిచ్చి ఉర్దూలో శాస్త్రగ్రంథములు వ్రాయించెను. తెలుగు బాలురకు ఉర్దూ బోధన యెంతవరకు న్యాయమను వాదము వేరు. అనువాదము విశ్వవిద్యాలయమునకు పునాదిపని యని వారెరిగిరి. మనకు అది మిగిలిన తీరికలో చేసుకొను పని యైనది.

1924లో ఆరంభమై 1991 వరకు వెలువడిన ‘భారతి’ మాసపత్రికలో తెలుగు చరిత్రయు, భాషాశాస్త్రమును, శాసన పరిశోధనయు ఎంత పెరిగినవో సాహిత్యాభిమానులకు విదితము. నేటి పట్టిక కోరునది సహపండితుల పరిశీలన పొందిన పత్రికనో, కమిషనువారి జాబితాలోనిదానినో. సామాన్య పాఠకుడు కొని చదువు మాసపత్రికలో వ్రాసిన వ్యాస మెంత విలువగలదైనను అభ్యర్థికి అంకె తేదు. కావున అధ్యాపకుడు తన జిల్లా చరిత్రను తన జనులు చదువని భాషలో, తన జనులు చూడని పత్రికలో ప్రకటించుచున్నాడు. అతనిని నిందింపలేము, ఇంటివారు జీతమునకై చూచుచుందురు.

పైపెచ్చు, ఆ జాబితాయైనను నిలుకడ గలదా? సొమ్ము పుచ్చుకొని దేనినైనను ముద్రించు దొంగపత్రికలు అంకెల గిరాకితోనే బలిసినవి. 2018 మేనెలలో కమిషనువారు తమ జాబితానుండి 4,305 పత్రికలను ఒక్కసారిగ తొలగించిరి. మరుసటి యేట మరింత కట్టుదిట్టమైన జాబితా వచ్చెను. 2025 ఫిబ్రవరిలో దానిని గూడ మాని, పత్రికల మంచిచెడ్డలు ఆయా సంస్థలే చూచుకొనవలెనని కొన్ని సూచనలను ప్రకటించిరి. ఐదేండ్లు ముందుచూపుతో కృషిని నిర్ణయించుకొనవలసిన అధ్యాపకునకు కొలకర్రయే యిన్నిమార్లు మారుచుండిన గతియేమి?

మన రాష్ట్రములలో మరియొక యడ్డంకి గలదు. ప్రొఫెసరు పదవి నిర్ణయించు సమితికి అధ్యక్షుడు వైస్‌ఛాన్సలరు. 2024 మేనెలలో తెలంగాణమున పది విశ్వవిద్యాలయముల వైస్‌ఛాన్సలర్ల పదవీకాలము ముగియగా, క్రొత్తవారు అక్టోబరులోగాని రాలేదు. నడుమ ప్రభుత్వాధికారులు ఇన్‌ఛార్జీలుగ నుండిరి. ఇన్‌ఛార్జీగ నుండువాడు నిత్యకృత్యములు నడుపునుగాని, పదునైదేండ్ల కృషిని తూచు సమితిని కూర్చుటకు సంకోచించుట సహజము. ఇక కాంట్రాక్టుపై పాఠములు చెప్పువారి మాట యెత్తనేల? ఈ మెట్లన్నియు మంజూరైన స్థిరపదవిలో నున్నవారికే. వారు ఎన్నేండ్లు చెప్పినను మొదటి మెట్టు నెక్కుటకు అర్జీ పెట్టునధికారమే లేదు.

2025 జనవరిలో కమిషనువారొక ముసాయిదా ప్రకటించిరి. అంకెల లెక్కను మాని, తొమ్మిది విధముల కృషిలో నాలుగింటనైన విశేషము చూపినవాడు అర్హుడని దాని సారము. భారతీయ భాషలలో బోధనకు చేసిన సేవ ఆ తొమ్మిదింటిలో నొకటి. ఇది హర్షణీయము. అయితే విశేషమనగా నేమో సమితి యిష్టమునకు విడిచినచో, అంకెల పీడ పోయి ఆశ్రయముల పీడ పట్టుకొనును. ఒక్కొక్క అర్జీని ఎందుకు మన్నించిరో, ఎందుకు త్రోసిపుచ్చిరో సమితి కారణములతో వ్రాసి అభ్యర్థి చేతికీయవలయును. తెలుగున శాస్త్రగ్రంథము వ్రాసిన వాని కృషిని తూచునప్పుడు, ఆ గ్రంథమును చదువగల వా డొక్కడైనను ఆ సమితిలో కూర్చుండవలయును.