చీకట్లో రంగులు చూసే పసుపు పెళ్లికొడుకు!

తొలకరి వాన దంచికొట్టిన రాత్రి కమ్మర్‌పల్లి చుట్టుపక్కల పొలం గట్ల మీద నిలబడితే చెవులు గింగురుమంటాయి. నీళ్లు నిలిచిన మడుల్లో కప్పల కచేరీ మరి! ఆ గుంపులో పెద్దది బుల్‌ఫ్రాగ్. మామూలప్పుడు మట్టిరంగులో ఉండే మగ కప్ప జతకట్టే కాలంలో నిగనిగలాడే పసుపు రంగులోకి మారుతుంది. గొంతుకు రెండువైపులా నీలి తిత్తులు ఉబ్బుతాయి. పసుపు పంటకీ, పసుపు పరిశోధన స్థానానికీ పేరుపడ్డ ఊళ్లో పసుపు పూసుకున్న పెళ్లికొడుకన్నమాట!

చీకటి పడితే ఈ సింగారం మన కంటికి ఆనదు. రాత్రిపూట చూపునిచ్చే దండ కణాలు మనకు ఒకే రకం. కాబట్టి అన్నీ నలుపే. కప్పల్లో అవి రెండు రకాలు. రెండింటినీ పోల్చుకుని రంగు పట్టేస్తాయి. మనిషికి ఏమీ కనిపించనంత చీకట్లోనూ యూరప్ కప్పలు రంగుల్ని గుర్తుపట్టాయని 2017లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తేల్చారు.

అంతేనా? ఉభయచరాల్లో కొన్నిటికి అతినీలలోహిత కాంతీ తెలుస్తుంది. దాన్ని మన కంటి కటకమే అడ్డుకుంటుంది. పూర్వం శుక్లాల ఆపరేషన్‌లో కటకం తీసేయించుకున్న కొందరికి ఆ కాంతి లేత నీలంగా కనిపించేది. కప్పల బంధువైన టైగర్ సాలమాండర్ కంట్లో ఆ కాంతికి స్పందించే శంకు కణాలే ఉన్నాయి. కప్పల్లో మాత్రం జాతికో తీరు. 2020లో 32 జాతుల కటకాలు పరీక్షిస్తే, కొన్ని అతినీలలోహితాన్ని లోపలికి రానిచ్చాయి. పగలు తిరిగే కొన్ని జాతుల కటకాలైతే ఊదా రంగునూ ఆపేశాయి.

చీకటికి అలవాటుపడ్డ ఈ కన్నే కప్ప కొంపముంచింది. రాత్రిళ్లు కళ్లలో దీపం కొడితే కదలకుండా ఉండిపోతుంది. వేటగాళ్లకు అదే చాలు. కప్పకాళ్లను విదేశాలకు పంపేందుకు అలా గోతాలకెత్తారు. పురుగుల్ని తినే నేస్తం పొలాల్లోంచి మాయమవుతోందని మేల్కొని, 1987లో కేంద్రం ఎగుమతుల్ని నిషేధించింది.

వాన ముఖం చాటేస్తే రోకలికి కప్పను కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ ‘కప్పతల్లి’ ఆడే నేల మనది. వాన కోసం తలచుకున్నవాళ్లం, వచ్చాక మరిచిపోతే ఎలా? ఈసారి రాత్రి మోటారు వేయడానికి వెళ్లినప్పుడు మడిలో బెకబెకలు వినిపిస్తే, టార్చి కాస్త పక్కకు తిప్పండి. అక్కడ పెళ్లి జరుగుతోంది!