దరఖాస్తు వేళకు ఫైలు చేతికందాలంటే - ఇంటి కంప్యూటరుకు కొన్ని ఉచిత సాధనాలు

ఉపకార వేతనాల దరఖాస్తులు ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే పంపవలసి వస్తోంది. మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, ఫొటో అన్నీ స్కాన్ చేసి జతపరచాలి. చాలా ఇళ్లలో కంప్యూటరు ఒక్కటే. అన్న కాలేజీ కాగితాలు, చెల్లెలి పదో తరగతి కాగితాలు, నాన్నగారి బ్యాంకు కాగితాలు అన్నీ 'డౌన్‌లోడ్స్' ఫోల్డరులోనే కలిసిపోతాయి. గడువు చివరి రోజు హడావుడిలో ఒకరి పత్రం మరొకరి దరఖాస్తుకు జతపడితే ఆ ఏడాది సాయం చేజారవచ్చు.

విండోస్‌తో వచ్చే ఎక్స్‌ప్లోరరు 1995 నుంచి మనకు అలవాటైనదే. మామూలు పనులకు అది చాలు. అయితే కింది పనులకు ఇంతకంటె అనువైన సాధనాలు ఉన్నాయి.

సర్దడానికి: డబుల్ కమాండర్. ఇది పూర్తిగా ఉచితం. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ పనిచేస్తుంది. తెర రెండు భాగాలుగా ఉంటుంది. ఎడమవైపు డౌన్‌లోడ్స్, కుడివైపు విద్యార్థి పేరున్న ఫోల్డరు తెరచుకోండి. ఫైలును ఎంచి ఎఫ్5 నొక్కితే నకలు అవతలి భాగానికి వెళ్తుంది. ఎఫ్6 నొక్కితే ఫైలే అక్కడికి మారుతుంది. ఏది ఎక్కడికి పోతోందో కళ్ల ముందే కనిపిస్తుంది కనుక పొరపాట్లు తగ్గుతాయి. ఈ రెండు భాగాల పద్ధతి 1986లో వచ్చిన నార్టన్ కమాండర్‌తో ప్రచారంలోకి వచ్చింది.

పేర్లు మార్చడానికి: స్కానరు 'స్కాన్ 001', 'స్కాన్ 002' అని పేర్లు పెడుతుంది. డబుల్ కమాండర్‌లో ఫైళ్లను ఎంచి కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే వాటన్నిటి పేర్లూ ఒకేసారి మార్చవచ్చు. కొత్త పేర్లు ముందే చూపిస్తుంది. సరిచూసుకున్నాకే మార్చండి.

వెదకడానికి: ఎవ్రీథింగ్. విండోస్‌లో పనిచేసే ఈ ఉచిత సాధనం డిస్కులోని ఫైళ్ల పేర్ల పట్టికను సిద్ధంగా ఉంచుకుంటుంది. కనుక రెండు మూడు అక్షరాలు కొట్టగానే ఫలితాలు వస్తాయి. అయితే ఇది ముఖ్యంగా పేరును బట్టి వెదుకుతుంది. 'స్కాన్ 001' లోపల ఆదాయ పత్రం ఉందని దానికి తెలియదు.

అసలు కీలకం ఇక్కడే ఉంది. సాధనం ఎంత మంచిదైనా పేరు పెట్టవలసింది మనమే. విద్యార్థి పేరు, పత్రం పేరు, సంవత్సరం అనే వరుస పాటించండి. ఉదాహరణకు 'లక్ష్మి-ఆదాయం-2025'. తాతగారి కాగితం తెలుగులో, నాన్నగారిది తమిళంలోనో కన్నడంలోనో, పిల్లలది ఇంగ్లీషులో ఉండటం మన కుటుంబాల్లో మామూలే. ఫైలు పేరు స్పష్టంగా ఉంటే తెరవకుండానే ఇంట్లో ఎవరైనా గుర్తుపట్టగలరు. కొన్ని సైట్లు తెలుగు లిపిలోని ఫైలు పేర్లను తీసుకోవు. కనుక పంపే నకలుకు ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టడం క్షేమం.

కొన్ని జాగ్రత్తలు:

1. ఏ సాధనాన్నయినా దాని తయారీదారుల సొంత సైటు నుంచే దించుకోండి. ప్రకటనల్లో కనిపించే 'డౌన్‌లోడ్' బొమ్మలు నొక్కవద్దు.

2. తెలియని ఫైళ్లను, ముఖ్యంగా 'విండోస్' ఫోల్డరులోని వాటిని, తొలగించవద్దు.

3. నెట్ సెంటరులో పని ముగించాక మీ పత్రాలను ఆ కంప్యూటరు నుంచి తీసివేయండి. రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేయండి.

4. పత్రాల ఫోల్డరు నకలు ఒకటి పెన్‌డ్రైవులో వేరుగా ఉంచండి. డిస్కు చెడిపోతే ఆదుకునేది అదే.

ఫలితాలు వచ్చి మార్కుల జాబితా చేతికందిన రోజే స్కాన్ చేసి, పేరు పెట్టి, సరైన ఫోల్డరులో ఉంచండి. అందుకు పట్టేది పది నిమిషాలు. తల్లిదండ్రులు కూడా పిల్లల పక్కన కూర్చుని ఏ పత్రం ఎక్కడుందో ఒకసారి చూసుకోవలసిందిగా మనవి.