గాజుపూతల పరీక్షలో చిన్న గ్యాస్ బట్టీ: నమూనా పలక సాక్ష్యం, దాని పరిమితులు

1. ఉపోద్ఘాతం

మట్టిపాత్రపై పూసి కాల్చినప్పుడు కరిగి, చల్లారాక గాజుపొరగా నిలిచే పూతను గ్లేజ్ అంటారు. సిలికా, అల్యూమినా, కరుగుదలను సులభం చేసే ఆక్సైడులు దాని ప్రధానాంశాలు. రంగునిచ్చే లోహ ఆక్సైడు పాలు ఒక్క శాతం మారినా ఫలితం మారిపోవచ్చు. అందువల్ల ముందుగా చిన్న మట్టి పలకలపై పరీక్ష జరుపుతారు. పెద్ద బట్టీ నిండేదాకా వేచి ఉండకుండా, తక్కువ ఇంధనంతో ఈ పని ముగించడానికి చిన్న గ్యాస్ బట్టీ ఉపకరిస్తుంది. అయితే అందులో లభించిన ఫలితం పెద్ద బట్టీలోనూ పునరావృతమవుతుందా అన్నది మౌలికమైన ప్రశ్న.

2. బట్టీలోని వాతావరణం

ఒక పాలు ప్రొపేన్ వాయువు పూర్తిగా మండటానికి ఐదు పాళ్ల ఆక్సిజన్, అంటే దాదాపు 24 పాళ్ల గాలి అవసరం. గాలిని తగ్గిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఏర్పడి, పూతలోని లోహ ఆక్సైడుల నుంచి ఆక్సిజన్‌ను లాగుకొంటుంది. ఇదే క్షయకరణం. రాగి గాలి పుష్కలంగా ఉన్న మంటలో ఆకుపచ్చ రంగును, క్షయకరణంలో ఎరుపును ఇవ్వగలదు. ఒకటి రెండు శాతం ఇనుముతో చైనా సెలడాన్ పూతల నీలిహరిత వర్ణం సిద్ధించేదీ ఈ స్థితిలోనే. తెలుగు నేలపై బృహత్‌శిలాయుగపు సమాధులలో లభించే నలుపు-ఎరుపు పాత్రలకు గాజుపూత లేకపోయినా, వాటి రెండు రంగులనూ పండితులు సాధారణంగా ఈ సూత్రంతోనే వివరిస్తారు. సాధారణ విద్యుత్ బట్టీలో గాలి నిండుగా ఉంటుంది కనుక ఇటువంటి రంగుల పరీక్షకు గ్యాస్ మంట అనువైనది.

3. ఉష్ణోగ్రత, కాలం

పూత పక్వత ఉష్ణోగ్రతపై మాత్రమే కాక, ఆ వేడి ఎంతసేపు పనిచేసిందన్న దానిపైనా ఆధారపడుతుంది. జర్మన్ రసాయనవేత్త హెర్మన్ సెగర్ 1886లో రూపొందించిన శంకువులు ఈ రెండింటి ఉమ్మడి ప్రభావాన్ని సూచిస్తాయి. ఆర్టన్ పదో నంబరు శంకువు గంటకు 60 డిగ్రీల చొప్పున వేడి పెరిగితే సుమారు 1285 డిగ్రీల సెల్సియస్ వద్ద, 150 డిగ్రీల చొప్పున పెరిగితే సుమారు 1305 డిగ్రీల వద్ద వంగుతుంది. చిన్న బట్టీ వేగంగా వేడెక్కుతుంది కనుక ఉష్ణమాపకంలోని అంకె ఒక్కటే చాలదు. పలకల పక్కన శంకువులు కూడా ఉండాలి.

4. చల్లారే తీరు

ఫలితాలు ఎక్కువగా వేరుపడేది ఇక్కడే. సిరామిక్ ఫైబర్ గోడల చిన్న బట్టీ వేడిని నిలువ ఉంచుకోదు. మంట ఆపగానే త్వరగా చల్లారుతుంది. మందమైన ఇటుక గోడల పెద్ద బట్టీ నెమ్మదిగా చల్లారుతుంది. ఆ వ్యవధిలో కాల్షియం, మెగ్నీషియం అధికంగా ఉన్న పూతలలో సూక్ష్మ స్ఫటికాలు పెరిగి ఉపరితలం మెరుపు తగ్గుతుంది. చిన్న బట్టీలో నిగనిగలాడిన పలకను నమ్మి పెద్ద బట్టీ నింపితే, ఆ విడత పాత్రలన్నీ అనుకోని రూపంలో బయటపడవచ్చు. దీనిని నివారించడానికి సుమారు 1100, 1000 డిగ్రీల మధ్య బర్నర్‌ను సన్నగా మండించి చల్లారే వేగాన్ని తగ్గించాలి. పెద్ద బట్టీలో గుణం తెలిసిన పూత పలకను ప్రతి పరీక్షలోనూ చేర్చితే, తేడా పూతదో బట్టీదో తేలుతుంది. పలకలను నిలువుగా నిలిపితే పూత జారే స్వభావమూ బయటపడుతుంది.

5. భద్రత

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు, అది ప్రాణాంతకం. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది కనుక లీకైతే నేలమట్టంలో పేరుకొంటుంది. అందువల్ల బట్టీని గాలి ధారాళంగా ఆడే చోటనే నెలకొల్పాలి. ఫైబర్ ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక తగిన మాస్క్ అవసరం.

6. ముగింపు

నమూనా పలక పూత గుణాన్ని మాత్రమే కాక, దానిని కాల్చిన బట్టీ గుణాన్నీ చూపుతుంది. వేడి పెరిగిన వేగం, క్షయకరణం మొదలైన ఉష్ణోగ్రత, శంకువు స్థితి, చల్లారిన కాలం నమోదు చేయని పూత మిశ్రమం సగం సమాచారమే. ఆ నమోదుతో కలిసినప్పుడే చిన్న బట్టీ ఫలితం మరొకరు పరీక్షించి నిర్ధారించగల ఆధారమవుతుంది.